మేనత్తనయ్యాను, సంతోషం మాత్రం సగమే: ఒక అక్క ప్రశ్నకు నా జవాబు

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నాకు 33 ఏళ్లు, హైదరాబాద్‌లో ఉద్యోగం. పెళ్లయి అయిదేళ్లయింది, పిల్లలు లేరు, చికిత్స నడుస్తోంది. నా 13వ ఏట నాన్న పోయారు. అప్పుడు తమ్ముడికి ఎనిమిదేళ్లు. అమ్మ ఉద్యోగానికి వెళ్తే వాడి క్యారేజీ, హోంవర్కు, జ్వరాలు అన్నీ నేనే చూశాను. ఇప్పుడు వాడికి పాప పుట్టింది, 24 రోజులు. మరదలు తెనాలిలో పుట్టింట్లో ఉంది. వాడు వైజాగ్‌లో ఉద్యోగం చేస్తూ శనాదివారాలు వెళ్లివస్తున్నాడు. రోజూ రాత్రి తొమ్మిదిన్నరకి నాకు ఫోన్ చేసేవాడు, మూడు వారాలుగా లేదు. 21వ రోజు బారసాలకు వెళ్లాను. పాపను ఉయ్యాల్లో వెయ్యబోతుంటే వాళ్ల వైపు పెద్దావిడ ఒకరు 'పిల్లలున్నవాళ్ల చేత వేయిద్దాం' అన్నారు. తమ్ముడు పక్కనే ఉన్నాడు, ఏమీ అనలేదు. అందరూ మేనత్తవయ్యావని అభినందిస్తున్నారు. నాకేమో తమ్ముణ్ణి పోగొట్టుకున్నట్టుంది. ఇది అసూయేనా? ఆ మాట వాడి దగ్గర ఎత్తాలా, వద్దా? ఇంత దూరం నుంచి నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా?"

అమ్మాయ్, "మీరు" అని రాద్దామని మొదలుపెట్టి రెండుసార్లు చెరిపేశాను. నా పెద్దకూతురు నీకంటే ఏడాది చిన్నది. అందుకని నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు.

నేను 31 ఏళ్లు ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి 2021లో రిటైరయ్యాను. అందులో 19 ఏళ్లు ప్రసూతి వార్డులోనే గడిచాయి. తమ్ముడి పిల్లలిద్దరికీ మేనత్తని, చెల్లెలి కూతురికి పెద్దమ్మని. వార్డు సంగతులు అవసరమైన చోట చెప్తాను గానీ, నీకు ఎక్కువ పనికొచ్చేవి నేను మేనత్తగా చేసిన పొరపాట్లే అనుకుంటున్నా.

అసూయేనా అని అడిగావు. కొంత ఉంటుంది. ఉంటే ఏం? ప్రతి నెలా తేదీలు లెక్కపెట్టుకుంటూ, ఇంజెక్షన్లు చేయించుకుంటూ, మళ్లీ మొదటికొచ్చి కూర్చునే మనిషికి పొత్తిళ్లలో బిడ్డను చూస్తే ముల్లు గుచ్చుకున్నట్టు ఉండదా? అది ఆ పాప మీద కోపం కాదు. చెల్లెలి కాన్పుకు తోడుగా వచ్చి, రాత్రంతా బిడ్డను భుజాన వేసుకుని తిప్పి, తెల్లవారుజామున మెట్ల మీద కూర్చుని ఏడ్చే అక్కలను మా వార్డులో ఎంతమందిని చూశానో. ఏడ్చాక ముఖం కడుక్కుని వచ్చి మళ్లీ బిడ్డను అందుకునేవాళ్లు. ఆ ఏడుపూ నిజమే, ఆ అందుకోవడమూ నిజమే.

కానీ నువ్వు రాసినదాంట్లో అసూయ పాలు తక్కువ. "పోగొట్టుకున్నట్టుంది" అన్నావు చూడు, అసలు మాట అది. వాడు నీకు తమ్ముడు మాత్రమే కాదు, నువ్వు పెంచిన పిల్లాడు. కొడుకు పెళ్లయినప్పుడు తల్లులకు పట్టుకునే బెంగ నీకు ఇప్పుడు పట్టుకుంది. పెళ్లప్పుడే ఎందుకు రాలేదంటావా? పెళ్లయ్యాక కూడా తొమ్మిదిన్నరకి ఫోన్ వస్తూనే ఉంది కాబట్టి.

ఆ తొమ్మిదిన్నర సంగతి చెప్తాను. పుట్టిన రెండో వారం దాటాక పిల్లలు పొద్దుపోయే వేళకి గుక్కపట్టి ఏడవడం మొదలుపెడతారు. ఆరో వారానికి అది బాగా ముదురుతుంది, మూడు నాలుగు నెలలకి దానంతటదే సద్దుమణుగుతుంది. నిక్షేపంలా ఉన్న బిడ్డ కూడా రోజు మొత్తం మీద రెండు మూడు గంటలు ఏడవచ్చు. అదే వేళకి గంట గంటకీ పాలు కావాలంటుంది. తల్లికి తన పాలు చాలట్లేదేమోనని టెన్షన్. పక్కనున్న ఆడవాళ్లు "డబ్బా పాలు పట్టండి" అని తలో మాట. (నిజానికి రోజుకి ఆరేడుసార్లు బట్టలు తడుపుతూ, బరువు పెరుగుతూ ఉంటే పాలు చాలుతున్నట్టే. పుట్టిన బిడ్డ మొదటి వారంలో కొంత బరువు తగ్గడం మామూలే, పది పద్నాలుగు రోజులకి మళ్లీ పుట్టిన బరువుకి వస్తుంది.) ఇదంతా మీ తమ్ముడు వైజాగ్‌లో గదిలో ఒక్కడే కూర్చుని వీడియోలో చూస్తుంటాడు. ఏడుపు వినపడుతుంది, ఎత్తుకోవడానికి లేదు. ఆ గంట ఇప్పుడు వాళ్లది. దాని కోసం అలగకు, నువ్వు ఇంకో గంట వెతుక్కో. పొద్దున వాడు ఆఫీసుకి బయల్దేరే టైమో, శుక్రవారం రాత్రి రైలెక్కి సీట్లో కూర్చున్నాకో చెయ్యి. పదినిమిషాలు చాలు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకో. తల్లులకు చట్ట ప్రకారం 26 వారాల జీతంతో కూడిన సెలవు 2017 నుంచి ఉంది. కేంద్రప్రభుత్వ ఉద్యోగం చేసే తండ్రికి 15 రోజులు ఇస్తారు. ప్రైవేటులో పనిచేసే తండ్రికి చట్టం ఏమీ ఇవ్వలేదు, కంపెనీ దయ. మన ఇళ్లల్లో మొదటి కాన్పు పుట్టింట్లో కాబట్టి, తండ్రయినవాడు మూడు నెలలో అయిదు నెలలో సొంత బిడ్డ దగ్గరికి చుట్టంలా వెళ్లి రావాలి. అత్తారింట్లో హాల్లో దివాన్ మీద పడుకుంటాడు, బిడ్డను ఎత్తుకుంటానంటే నలుగురు నాలుగు జాగ్రత్తలు చెప్తారు. ఆదివారం రాత్రి మళ్లీ రైలు. వాడి మొహం చూసి "మారిపోయాడు" అనుకుంటున్నావు. నిద్ర లేదు, అంతే.

మారడం కూడా నిజమేలే. ఫిలిప్పీన్స్‌లో సెబూ అనే చోట ఆరు వందల మందికి పైగా కుర్రాళ్లను ఏళ్ల తరబడి గమనించి, 2011లో ఒక పరిశోధన అచ్చువేశారు. తండ్రులైనవాళ్లలో మగ హార్మోను టెస్టోస్టెరాన్ బాగా పడిపోయింది. బిడ్డ పనులు ఎక్కువ చేసేవాళ్లలో ఇంకా తక్కువగా ఉంది. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తల్లి ఒంట్లో మార్పులు మాకు పుస్తకాల్లో పాఠాలు పాఠాలుగా చెప్పారు, తండ్రి ఒంట్లో కూడా ఏదో కదులుతుందని ఒక్కరూ చెప్పలేదు. అంచేత మీవాడు నీమీద ప్రేమ తగ్గి దూరమయ్యాడనుకోకు. వాడి ఒళ్లూ బుర్రా అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి ఇప్పుడు.

నాదీ ఇదే కథ కాబట్టి చెప్తున్నా. మాది కోనసీమలో కాలవ గట్టున ఊరు. మరుగుదొడ్డి పెరటి చివర ఉండేది. తమ్ముడికి చీకటంటే మహా భయం. రాత్రి వెళ్లాలంటే నేను లాంతరు పట్టుకుని బయట నిలబడాలి. లోపలనుంచి వాడు నిమిషానికోసారి "అక్కా, ఉన్నావా?" అనేవాడు. "ఉన్నా". మళ్లీ "ఉన్నావా?" "ఉన్నా". దోమలు కుడుతుంటే నాకు విసుగొచ్చేది, ఒకసారి కావాలని పలక్కుండా ఊరుకుంటే వాడు చేసిన గోలకి వీధి వీధంతా లేచింది. 1999లో వాడికి కొడుకు పుట్టాడు. చూడ్డానికి వాళ్ల అత్తారింటికి వెళ్లి ఆ రాత్రి అక్కడే పడుకున్నాను. అర్ధరాత్రి దాటాక పిల్లాడు ఏడుస్తున్నాడు. వసారాలో మా తమ్ముడు వాణ్ణి భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. "ఉన్నా నాన్నా, ఉన్నా. ఉన్నా నాన్నా." అదే మాట, నాది. నేను పక్క మీద లేచి కూర్చున్నాను. సంతోషం వేసిందా అంటే వేసింది. ఏడుపు కూడా వచ్చింది. ఇన్నేళ్లయినా ఆ రెండిట్లో ఏది ముందొచ్చిందో చెప్పలేను.

ఆ సంబరమంతా మర్నాడు పొద్దున నేనే పాడు చేశాను.

మరదలు మంచం మీద కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. పట్టుకోవడం సరిగ్గా లేదు, బిడ్డ నోరు చనుమొన దగ్గరే ఆగిపోతోంది, ఆ అమ్మాయికి నొప్పి. నేను వార్డులో రోజుకి పాతికమందికి సరిచేసే పని అది. చొరవగా వెళ్లి బిడ్డను ఆమె చేతుల్లోంచి తీసుకుని, "ఇలా కాదు, ఇలా" అని మళ్లీ పెట్టాను. వాళ్లమ్మ, పిన్ని, పక్కింటావిడ అందరూ చూస్తున్నారు. చెప్పిన విషయం నూటికి నూరుపాళ్లు సరైనదే. ఆ అమ్మాయి మాత్రం తలొంచుకుంది. సాయంత్రం నేను బస్సెక్కేటప్పుడు మా తమ్ముడు సంచి అందిస్తూ "అక్కా, నువ్విక్కడ డ్యూటీలో లేవు" అన్నాడు. అంతే అన్నాడు. కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చేదాకా ఉడికిపోయాను. మంచి చెప్తే ఇదా అని. ఆ అమ్మాయి మళ్లీ నాతో మనసు విప్పి మాట్లాడటానికి దాదాపు ఏడాది పట్టింది.

"ఆడపడుచు అర్ధమొగుడు" అని ఊరికే అన్నారా? నువ్వు ఎంత ప్రేమతో చెప్పినా, ఆడపడుచు నోట్లోంచి వచ్చిన సలహా మరదలి చెవికి తీర్పులా చేరుతుంది. నీ తప్పు కాదు, ఆ అమ్మాయి తప్పూ కాదు, ఆ చుట్టరికానికి ఉన్న బరువు అలాంటిది. అదే మాట వాళ్లక్క చెప్తే కబురులా వింటుంది. కాబట్టి అడిగితే తప్ప చెప్పకు. అడిగినా సగమే చెప్పు.

మరి కళ్లముందు పొరపాటు జరుగుతుంటే? బిడ్డ ముక్కులో చెవుల్లో నూనె చుక్కలు వేస్తారు, కంట్లో కాటుక పెడతారు, సాంబ్రాణి పొగ గది నిండా పట్టిస్తారు, నాలిక మీద తేనె రాస్తారు. ఇవేవీ మంచివి కావు. ఏడాది నిండేదాకా తేనె అసలు వద్దు, దాంట్లో ఉండే ఒక రకం క్రిములు పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తాయి. ఆరు నెలల దాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఇవన్నీ నువ్వు చెప్తే గొడవ. ఆరో వారం నిండగానే పెంటావాలెంట్, పోలియో, రోటా టీకాలకు పాపను తీసుకెళ్తారు కదా, అప్పుడు డాక్టర్ని ఈ నాలుగూ అడగమని తమ్ముడికి చెప్పు. తెల్లకోటు చెప్పిన మాటకి ఏ అమ్మమ్మా అలగదు. ఆగకూడని సందర్భాలు మాత్రం కొన్ని ఉన్నాయి, అక్కడ మొహమాటం పక్కన పెట్టు. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, పాలు తాగకుండా మగతగా పడుకున్నా, ఊపిరి తీయడానికి డొక్కలు ఎగరేస్తున్నా, పచ్చదనం అరిచేతులూ అరికాళ్ల దాకా దిగినా, ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. అన్నట్టు నీకు జలుబుగానీ పెదవి మీద నీటిపొక్కు గానీ ఉంటే పాపను ముద్దు పెట్టుకోకు.

ఇప్పుడు మరదలి గురించి. ఇంటికొచ్చినవాళ్లంతా బిడ్డను చూసి వెళ్తారు. బాలింతను "పాలు పడుతున్నాయా?" అని తప్ప వేరే ఏమీ అడగరు. కాన్పయిన మూడు నాలుగు రోజులకి కారణం లేకుండా ఏడుపు రావడం చాలామందికి జరిగేదే, రెండు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే, నిద్రపోయే వీలున్నా నిద్ర పట్టకపోతే, బిడ్డను చూస్తే ఏమీ అనిపించట్లేదనో, తను లేకపోతేనే నయమనో అంటే అది వేరే సంగతి, దానికి వైద్యం కావాలి. మన దేశంలో జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ప్రసవమైనవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి ఈ కుంగుబాటు ఉంటోంది. తండ్రుల్లో కూడా పదిమందిలో ఒకరికి వస్తుంది, వాళ్లను అడిగేవాళ్లే లేరు. 14416 అని టెలీ మానస్ నంబరు ఉంది, ప్రభుత్వానిదే, 2022 అక్టోబర్‌లో మొదలైంది. తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మరదలితో మాట్లాడేటప్పుడు ముందు పాప గురించి కాకుండా "నిన్న రాత్రి నీకు ఎంతసేపు నిద్ర పట్టింది?" అని అడిగి చూడు. వాళ్లమ్మ దగ్గర ఉన్నంతకాలం ఆ అమ్మాయి పుట్టింటి పిల్లే, మూడో నెలలోనో అయిదో నెలలోనో బిడ్డతో అత్తారింటి గడప తొక్కినప్పుడు మీ అమ్మా నువ్వూ గుర్తొస్తారు. ఆ రోజుకి నీ మాట ఎలా గుర్తుంటుందో ఇప్పుడు తేలుతుంది.

బారసాల మాటకొస్తాను. ఇంతసేపు దీన్ని పక్కన పెట్టడానికి కారణం, రాస్తుంటే నాకే కోపం వస్తోంది.

ఆ పెద్దావిడ అన్నది తప్పు. సంప్రదాయం అని సరిపెట్టుకోకు. మా వైపు ఆ రోజు బాలింత చేత బావిలో చేద వేయిస్తారు (ఇప్పుడు కుళాయి దగ్గర అయిందనిపిస్తున్నారు), పళ్లెంలో బియ్యం పోసి తండ్రి చేత ఉంగరంతో పేరు రాయిస్తారు, ఉయ్యాల్లో వెయ్యడం మేనత్త పని. ఆ మేనత్తకు పిల్లలున్నారా లేరా అని అడిగిన పంతులుగారు నాకు ఇంతవరకూ తారసపడలేదు. మా నాన్న చెల్లెలికి పిల్లల్లేరు. నన్నూ తమ్ముణ్ణీ చెల్లెల్నీ ముగ్గుర్నీ ఉయ్యాల్లో వేసింది ఆవిడే. రెండు గేదెల పాలమ్ముకుని బతికింది, నా నర్సింగ్ ట్రైనింగుకి పెట్టెతో సహా కొనిపెట్టింది. 2008లో ఆవిడ పోతే కొరివి పెట్టింది మా తమ్ముడు. ముగ్గురం బాగానే ఉన్నాం మరి.

ఇక తమ్ముడి మౌనం. వాణ్ణి వెనకేసుకురాను. అత్తారింట్లో కొత్తల్లుడు, పదిమంది పెద్దవాళ్లు, మూడు వారాల నిద్రలేమి, ఇవన్నీ ఉన్నాయి. అయినా "మా అక్కే వేస్తుంది" అని నాలుగు ముక్కలు అనడానికి వీటిలో ఏదీ అడ్డం కాదు. చేతకానితనం అంటాను నేను దాన్ని, ప్రేమలేనితనం అనను. బహుశా ఆ క్షణం వాడికీ గుర్తుండే ఉంటుంది. ఫోన్ చెయ్యకపోవడంలో ఆ సిగ్గు కూడా కొంత ఉందేమో నాకు అనుమానం.

ఆ మాట వాడి దగ్గర ఎత్తాలా అన్నావు. ఎత్తాలి. మనసులో పెట్టుకుంటే అది పులుస్తుంది, ఎప్పుడో పాప మొదటి పుట్టినరోజున కేకు దగ్గర బయటికొస్తుంది. కానీ ఇప్పుడు కాదు, వాట్సాప్‌లో అసలే కాదు. మీ అమ్మ ద్వారా కబురు పంపకు. మరదలికి చెప్పకు, ఆ పెద్దావిడ వాళ్ల మనిషి, పైగా మరదలు పచ్చి బాలింత. పాపకు ఆరేడు వారాలు నిండాక తమ్ముడు ఒక్కడూ దొరికినప్పుడు ఎదురుగా కూర్చుని చెప్పు: "ఆవిడ అన్నదానికి కాదురా, నువ్వు పక్కనుండి మాట్లాడకపోయేసరికి నాకు కష్టం వేసింది." ఆ ఒక్క ముక్కే. "నిన్ను నేనెలా పెంచాను" అనే పాట మాత్రం ఎత్తుకోకు. అది నిజమే, కానీ అనగానే వాడు అప్పున్నవాడైపోతాడు, అప్పున్నవాడు ఎదుట పడడు. ఇలా చెప్పేసి ఊరుకో. వాడు ఏడిస్తే ఏడవనీ. ఏమీ అనకపోయినా ఫర్వాలేదు, వాడికి వినపడింది చాలు.

దూరం నుంచి ఏం చెయ్యగలను అన్నావు. ముందు నీ చుట్టరికం ఏమిటో చూసుకో, మన భాషలోనే ఉంది. అదే పాప నీ చెల్లెలికి పుట్టి ఉంటే నీకు కూతురి వరస, నువ్వు పెద్దమ్మవి. తమ్ముడికి పుట్టింది కాబట్టి మేనకోడలు. ఆ మాటలోనే కోడలుంది, మేనత్తలో అత్త ఉంది. మేనరికాలు రివాజుగా ఉన్న రోజుల్లో తమ్ముడి కూతురు ఇంటికి కోడలిగా వచ్చేది, ఆ లెక్కన పుట్టిన పిలుపులు. (మేనరికాలు తగ్గాయి, మంచిదే అయింది. మామూలు దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే లోపాలు నూటికి రెండు మూడు ఉంటే, దగ్గర చుట్టరికపు పెళ్లిళ్లలో అవి దాదాపు రెట్టింపు. వార్డులో కళ్లారా చూశాను.) లెక్క పోయింది, పిలుపు మిగిలింది. ఇంకోటి, మనవాళ్లల్లో పెళ్లయితే ఆడపిల్లకు ఇంటిపేరు మారిపోతుంది. నువ్వు ఆ ఇంట్లో వదిలేసి వచ్చిన ఇంటిపేరు ఇప్పుడు ఆ పాప పేరు ముందు ఉంది. తన తండ్రి ఎనిమిదేళ్లప్పుడు ఎలా ఉండేవాడో, చీకటికి భయపడేవాడో, లెక్కలు తప్పితే ఎక్కడ దాక్కునేవాడో రేపు ఆ పిల్లకి చెప్పగలిగేది మీ అమ్మ, నువ్వు. మీ అమ్మ పగలంతా ఉద్యోగంలో ఉండేది కాబట్టి సగం కథలు నీ దగ్గరే ఉన్నాయి. అవి ఇప్పట్నుంచే ఒక నోట్‌బుక్కులో రాసిపెట్టు. నేను రాయలేదు, చాలా మర్చిపోయాను.

బంగారం, వెండి గిన్నె, మొలతాడు అంటూ లాంఛనాల దగ్గర పోటీకి పోకు. ఓపికున్నంత పెట్టు, ఆడపడుచు లాంఛనం అని వాళ్లేదైనా ఇస్తే వంక పెట్టకుండా తీసుకో. గౌన్లు కొనకు, మూడు నెలలకి ఒక్కటీ పట్టదు. కొనాలనిపిస్తే మరదలికి ముందువైపు జిప్పున్న నైటీలు రెండు కొను, పిల్లలున్న నీ స్నేహితురాళ్లను అడుగు, ఇదే చెప్తారు.

నేను చేసిన మంచిపని ఒక్కటుంది, అది చెప్తాను. నవ్వితే నువ్వుండలు, బోర్లాపడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, కూర్చుంటే కుడుములు, అడుగులేస్తే అరిసెలు అని మన పెద్దవాళ్లు వరస పెట్టి ఉంచారు కదా, మరదలితో మాట పోయాక నాకు దారి కనపడక ఆ వరస పట్టుకున్నాను. పిల్లాడు నాలుగో నెల నిండాక బోర్లాపడ్డాడని ఉత్తరం వస్తే బొబ్బట్లు చేసుకుని బస్సెక్కాను. సలహా ఒక్కటి కూడా తీసుకెళ్లలేదు, డబ్బా ఒక్కటే. కూర్చున్నప్పుడు కుడుములు. పదమూడో నెలలో అడుగులేశాడు, అరిసెలు. ఆ అరిసెల నాడు మా మరదలు వంటింట్లోకి వచ్చి, "వదినా, ఆ రోజు మీరు చూపించినట్టే పట్టుకున్నాక నొప్పి తగ్గింది, చెప్పడానికి మనసొప్పలేదు" అంది. నేను పాకం చూసుకుంటున్నట్టు నటించాను.

నీకైతే ఉత్తరం కోసం ఎదురుచూడక్కర్లేదు, వీడియో వస్తుంది. పిల్లలు నిద్రలో నవ్వేది లెక్కలోకి రాదు. మనిషి మొహం చూసి నవ్వడం ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలవుతుంది. పాపకు ఇప్పుడు 24 రోజులంటే నీ చేతిలో ఇంకా మూడు నాలుగు వారాలున్నాయి. చికిత్స తేదీలు చూసుకుని ఒక శనివారం ఖాళీ పెట్టుకో. మనసు బాగోకపోతే మానెయ్, తర్వాత బొబ్బట్లున్నాయి. వెళ్లేట్టయితే అర కేజీ తెల్ల నువ్వులు తీసుకుని మూకుడులో సన్నటి సెగ మీద చిటపటలాడేదాకా దోరగా వేయించు, మాడితే చేదు. బెల్లం దాదాపు అంతే. పాకం చుక్క నీళ్లల్లో వేస్తే గట్టిగా ఉండకట్టాలి. వేడి మీదే నెయ్యి చేత్తో చుట్టెయ్యాలి, ఆరితే చుట్టడానికి రావు. బాలింతకు నువ్వులు వేడి చేస్తాయని వాళ్లమ్మగారు అంటారు, అంటే వాదించకు, డబ్బా అక్కడ పెట్టి ఊరుకో. తమ్ముడికి మాత్రం వేరే పొట్లం కట్టు. ఆదివారం రాత్రి స్టేషన్‌కి నువ్వే దింపు, నీ మాట అక్కడ చెప్పుకోవచ్చు. తెనాలిలో రైలు ఎంతోసేపు ఆగదు, కాస్త ముందే వెళ్లండి.